డాన్యూబ్ ఒడ్డు నుంచి నేపుల్స్ దాకా

శనివారం, బుడాపెస్ట్

బుడాపెస్ట్‌లో ఇటాలియన్ సాంస్కృతిక కేంద్రం ఉన్న భవనం ఒకప్పుడు హంగరీ పార్లమెంటు. బ్రోడీ షాండోర్ వీధిలో, నేషనల్ మ్యూజియం పక్కనే ఉంటుంది. మిక్లోష్ ఇబ్ల్ అనే ఆర్కిటెక్ట్ 1865-66లో దీన్ని ఇటాలియన్ రినైసాన్స్ పద్ధతిలో కట్టాడు. డాన్యూబ్ ఒడ్డున అందరూ ఫొటోలు తీసుకునే పెద్ద పార్లమెంటు 1902లో సిద్ధమయ్యేదాకా హంగరీ సభ్యులు ఇక్కడే వాదించుకున్నారు. ఇప్పుడు ఇక్కడ ఇటాలియన్ కచేరీలు, సినిమాలు, భాషా తరగతులు నడుస్తున్నాయి. ఒక దేశం తన పాత పార్లమెంటులో ఇంకో దేశపు పాటలు వినడం నాకు బాగా నచ్చింది.

మా అక్క కూతురు ఈ ఊళ్లోనే చదువుకుంటోంది. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చి, సామాను గదిలో పెట్టి, "మామయ్యా, కాసేపు పడుకోండి, సాయంత్రం వెళ్దాం" అంది. పడుకోబుద్ధి కాలేదు. ఇటలీ చూసొచ్చిన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. చదువులకీ ఉద్యోగాలకీ హంగరీ వస్తున్నవాళ్లూ పెరిగారు. ఈ రెండిటినీ ఒకే దారిలో, ఒకదాని వెనక ఒకటి చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

మ్యూజియం తోటలో అలెస్సాండ్రో మోంతి అనే ఇటాలియన్ కర్నల్ విగ్రహం ఉంది. 1849లో హంగరీ ఆస్ట్రియా మీద తిరగబడినప్పుడు, బ్రెషా ఊరి నుంచి వచ్చిన ఈయన ఇటాలియన్ దళాన్ని నడిపాడు. హంగరీ నెత్తి మీదా, బ్రెషా ఉన్న ఇటలీ ప్రాంతం నెత్తి మీదా అప్పుడు కూర్చున్నది ఒక్కరే, వియన్నాలోని చక్రవర్తి. తిరుగుబాటు ఓడిపోయింది. పదకొండేళ్ల తర్వాత, 1860లో ఇటలీని ఒకటి చేయడానికి పోరాడిన గారిబాల్దీ తన వెయ్యి మందితో సిసిలీలో దిగినప్పుడు, ఆ పడవల్లో హంగరీవాళ్లు ఉన్నారు. ఇష్త్వాన్ ట్యూర్ ఆ దండులో పేరున్న అధికారి. లాయోష్ త్యుకోరి పలెర్మో కోసం జరిగిన పోరులో గాయపడి చనిపోయాడు. హంగరీ తిరుగుబాటు నాయకుడు కోషూత్ తన చివరి రోజులు గడిపింది టొరీనోలో. 1894లో అక్కడే పోయాడు.

అదే తోటలో రోమన్ ఫోరం నుంచి తెచ్చిన ఒక రాతి స్తంభం కూడా ఉంది. ముస్సోలినీ కాలంలో ఇటలీ ప్రభుత్వం ఇచ్చిన కానుక. దాని ముందు నిలబడితే మోంతి విగ్రహం ముందు కలిగిన గౌరవం మాత్రం కలగలేదు. స్నేహం పేరుతో ప్రభుత్వాలు ఇచ్చుకునే వస్తువులకూ, మనుషులు పోగొట్టుకున్న ప్రాణాలకూ తేడా ఉంటుంది కదా.

సాయంత్రం మా పిల్ల పట్టుబట్టి ఇంకో విగ్రహం దగ్గరకు తీసుకెళ్లింది. కోర్విన్ ప్రాంతంలో, జీను భుజాన వేసుకుని నిలబడ్డ బడ్ స్పెన్సర్. అసలు పేరు కార్లో పెదెర్సోలి, నేపుల్స్ మనిషి. సినిమాల్లో పేరు రాకముందు ఒలింపిక్స్‌లో ఈత కొట్టాడు. ఆయన కొట్లాట కామెడీలంటే హంగరీలో తరాలు మారినా తగ్గని పిచ్చి. 2017లో కంచు విగ్రహం పెట్టారు. పిల్లలు ఎగబడి ఫొటోలు దిగుతున్నారు. గారిబాల్దీ కంటే ఈయనకే ఎక్కువ గిరాకీ.

ఆదివారం, బుడాపెస్ట్

హీరోస్ స్క్వేర్‌లో ఉన్న లలిత కళల మ్యూజియంలో ఇటాలియన్ చిత్రాల కోసమే రోజంతా కేటాయించాను. వీటిలో చాలా భాగం ఎస్టర్‌హాజీ అనే జమీందారీ వంశం సేకరించినవి. 1871లో హంగరీ ప్రభుత్వం వాళ్ల దగ్గర మొత్తం కొనేసింది.

రఫాయెల్ వేసిన చిన్న మడోన్నా బొమ్మ ఉంది ఇక్కడ. మనం ఇంట్లో పెట్టుకునే దేవుడి పటం అంతే ఉంటుంది. పూర్తి కాని చిత్రం. కొన్నిచోట్ల కింద గీసుకున్న గీతలు తెలుస్తాయి. 1508 ప్రాంతంలో, రఫాయెల్ ఫ్లారెన్స్ వదిలి రోమ్ వెళ్లే రోజుల్లో దీన్ని మధ్యలో ఆపేశాడంటారు. వెనకాల శిథిలాలు, కొండలు, తల్లి చూపు పక్కకి. నాకు ఆ పూర్తి కానితనమే బాగుంది.

1983 నవంబరులో ఒక రాత్రి దొంగలు పడి ఈ బొమ్మతో పాటు మొత్తం ఏడు చిత్రాలు ఎత్తుకుపోయారు. రఫాయెల్‌వి రెండు, తింతోరెత్తోవి రెండు, తియెపోలోవి రెండు, జోర్జోనెది ఒకటి. దొంగలు ఎవరనుకున్నారు? ఇటలీ నుంచి వచ్చిన ముఠా, వాళ్లకు సాయం చేసిన స్థానిక హంగరీవాళ్లు. రెండు దేశాల సహకారం ఈ రంగంలోనూ బాగానే నడిచింది! కొన్ని నెలల్లోనే చిత్రాలు గ్రీసులో ఒక మఠం దగ్గర దొరికాయి. మళ్లీ గోడ ఎక్కాయి.

కానీ ఈ మ్యూజియంలో నన్ను పట్టుకున్నది దొంగతనం కథ కాదు, కొనుగోలు కథ. కారోయ్ పుల్స్‌కీ అనే ఆయన 1890లలో హంగరీ ప్రభుత్వం తరఫున ఇటలీ అంతా తిరిగి చిత్రాలు, శిల్పాలు, గోడల మీద నుంచి తీసిన ఫ్రెస్కోలు, అంటే తడి సున్నం మీద వేసిన బొమ్మలు, కొన్నాడు. డబ్బు లెక్కలు రాయడంలో అంత శ్రద్ధ లేని మనిషి. సెబాస్తియానో దెల్ ప్యోంబో వేసిన ఒక యువకుడి చిత్రం 1895లో కొన్నాక పెద్ద గొడవైంది. ప్రజల సొమ్ము తగలేశాడని పత్రికలు, పార్లమెంటు విరుచుకుపడ్డాయి. ఉద్యోగం పోయింది. చివరికి ఆస్ట్రేలియా వెళ్లిపోయి 1899లో బ్రిస్బేన్ దగ్గర తుపాకీతో కాల్చుకున్నాడు. ఆయన కూతురు రొమోలా తర్వాత రష్యన్ డాన్సర్ నిజిన్‌స్కీని పెళ్లి చేసుకుంది. ఆ చిత్రం ఇప్పటికీ ఇక్కడే ఉంది. నల్లటి బట్టల్లో, గడ్డంతో, మన వైపే తేరిపార చూస్తుంటాడు. దాని ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. ఆ గొడవ చేసినవాళ్ల పేర్లు ఇప్పుడు ఎవరికీ గుర్తులేవు. ఆయన కొన్నవి చూడ్డానికే జనం టికెట్ కొనుక్కుని వస్తున్నారు.

లియొనార్దోదని చెప్పే చిన్న కంచు గుర్రం, దాని మీద సైనికుడు కూడా ఇక్కడే. రోమ్‌లో శిల్పం నేర్చుకోవడానికి వెళ్లిన ఇష్త్వాన్ ఫెరెన్సీ, 1820 ప్రాంతంలో అక్కడ కొన్న కంచు బొమ్మల్లో ఇదొకటి. లియొనార్దో చెయ్యి పడిందా లేదా అని పండితులు ఇంకా తేల్చలేదు. వెనక కాళ్ల మీద లేచిన గుర్రం మెడ తిప్పిన తీరు చూస్తే, ఎవరు చేసినా గొప్పవాడే చేశాడని మాత్రం తెలుస్తుంది.

సోమవారం, బలటోన్‌ఫ్యూరెడ్

సోమవారం మ్యూజియంలకు సెలవు. అందుకని బలటోన్ సరస్సుకు వెళ్లాం. బుడాపెస్ట్ నుంచి రైల్లో రెండు గంటల పైచిలుకు. బలటోన్‌ఫ్యూరెడ్ గుండె జబ్బుల వైద్యానికి పేరున్న ఊరు. ఇక్కడి ఊట నీళ్లు తాగడానికి వందల ఏళ్లుగా వస్తున్నారు. నేనూ తాగాను. ఇనుము రుచి. రెండో గుక్క వేయలేదు.

1926 నవంబరులో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడికి చికిత్స కోసం వచ్చారు. యూరప్ అంతా తిరిగి ప్రసంగాలు చేసి అలసిపోయి ఉన్నారు. కోలుకున్నాక సరస్సు ఒడ్డున ఒక లిండెన్ మొక్క నాటారు. ఇప్పుడు ఆ నడకదారి పేరు ఠాగూర్ బాట. అదే సంవత్సరం, అంతకు కొన్ని నెలల ముందే, ఆయన ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వ అతిథిగా ఉన్నారు. ఆ తర్వాత అసలు సంగతి తెలిసి ఫాసిజాన్ని ఖండిస్తూ పత్రికకు ఉత్తరం రాశారు. ఆ చేదు అనుభవం మోసుకుంటూ ఈ ఒడ్డుకు వచ్చారన్నమాట.

ఇటలీ కవి సాల్వతోరె క్వాసిమోదో 1959లో నోబెల్ అందుకున్నారు. ఆయనకూ గుండె జబ్బే. 1961లో ఇదే ఊళ్లో వైద్యం చేయించుకుని, ఠాగూర్ చెట్టుకు దగ్గర్లో తనూ ఒక చెట్టు నాటారు. ఆయన పేరుతో ఇక్కడ 1992 నుంచి కవితల పోటీ, బహుమతి నడుస్తున్నాయి. ఒక బెంగాలీ, ఒక సిసిలీ మనిషి, హంగరీ నేలలో పక్కపక్కన. మా పిల్ల ఇక్కడ ఉండి ఇన్నాళ్లయినా ఈ ఊరు చూడలేదట. ఠాగూర్ విగ్రహంతో సెల్ఫీ దిగి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టింది. మా బావగారు వెంటనే "చలిగా ఉందా, స్వెట్టర్ వేసుకున్నావా" అని మెసేజ్ పెట్టారు.

మంగళవారం, ఎస్టర్‌గోమ్

ఈ యాత్రలో హంగరీ వైపు ఒకే ఒక్క చోటు చూడాలంటే నేను ఎస్టర్‌గోమ్ అంటాను.

డాన్యూబ్ మలుపు దగ్గర గుట్ట మీద బసిలికా, అంటే పెద్ద చర్చి. నది అవతల ఒడ్డు స్లొవాకియా. బసిలికా 19వ శతాబ్దపు కట్టడం. 1856లో దీన్ని ప్రారంభించిన రోజున హంగరీ సంగీతకారుడు ఫ్రాంజ్ లిస్ట్ ప్రత్యేకంగా రాసిన సంగీతాన్ని తనే దగ్గరుండి వాయింపించాడు. ప్రధాన పీఠం వెనక ఉన్న బ్రహ్మాండమైన చిత్రం మికెలాంజెలో గ్రిగొలెత్తి అనే వెనిస్ చిత్రకారుడిది. పదమూడు మీటర్లకు పైగా ఎత్తు, ఒకే గుడ్డ మీద వేసింది. నిజం చెప్పాలంటే ఆ సైజు తప్ప అందులో గుర్తుండిపోయేది నాకేమీ కనపడలేదు.

ఎడమ పక్కన ఉంది అసలు నిధి. బాకోట్స్ చాపెల్, అంటే చర్చిలోని చిన్న ప్రార్థనా మందిరం. తమాష్ బాకోట్స్ రైతు కుటుంబంలో పుట్టి ఆర్చ్‌బిషప్ అయ్యాడు. 1513లో పోప్ పదవికే పోటీపడ్డాడు, ఓడిపోయాడు. తన సమాధి కోసం 1506లో ఈ చాపెల్ మొదలుపెట్టించాడు. స్థానికంగా దొరికే ఎర్ర రాయి, ఫ్లారెన్స్ పద్ధతి. ఆ ఎర్ర రాయిని ఇక్కడ మార్బుల్ అనే అంటారు. లోపలికి అడుగు పెట్టగానే కళ్లు తడుముకుంటాయి, అంత ముదురు రంగు. మధ్యలో తెల్లటి కరారా పాలరాతి పీఠం. దాన్ని 1519లో ఫియెసోలె శిల్పి అంద్రెయా ఫెరుచ్చి చేశాడు. కొలతలు, కమానులు, మూలల్లో ఆకుల చెక్కడాలు, అన్నీ తూచినట్టుగా ఉంటాయి. ఆల్ప్స్‌కు ఇవతల ఇంత శుద్ధమైన ఇటాలియన్ పని ఇంకోటి దొరకడం కష్టం.

ఆ తర్వాత తుర్కుల పాలన వచ్చింది. పాత కెథీడ్రల్ కూలింది, చాపెల్ మాత్రం నిలిచింది. కొత్త బసిలికా కట్టేటప్పుడు అది అడ్డం వచ్చింది. 1823లో దాన్ని దాదాపు 1600 ముక్కలుగా విడదీసి, అంకెలు వేసుకుని, కొత్త గోడల్లోకి జరిపి మళ్లీ కూర్చారు. శ్రీశైలం డ్యామ్ కింద మునిగే గుళ్లను రాయి రాయీ విప్పి వేరేచోట పేర్చినట్టే. ఆ పని ఎంత కష్టమో అలంపురం వైపు వెళ్లినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇక్కడ అతుకుల కోసం వెతికాను. గైడ్ చూపించిందాకా ఒక్కటీ పట్టుకోలేకపోయాను.

పక్కనే కోటలో ఒక గది గోడ మీద నలుగురు స్త్రీల బొమ్మలున్నాయి. వివేకం, నిగ్రహం, ధైర్యం, న్యాయం. నిగ్రహం బొమ్మ ఫ్లారెన్స్ చిత్రకారుడు బొత్తిచెల్లి యువకుడిగా ఉన్నప్పుడు వేసిందని 2007లో హంగరీ నిపుణులు ప్రకటించారు. చాలామంది ఒప్పుకోలేదు. బొత్తిచెల్లి హంగరీ వచ్చాడా అని అడిగితే గైడ్ భుజాలు ఎగరేసి నవ్వింది. పేరు ఎవరిదైనా, ఆ చేతివేళ్లు ఫ్లారెన్స్‌లో నేర్చుకున్నవే.

బుధవారం, బూడా కోట, రాత్రి బస్సు

మాత్యాష్ రాజు గురించి ఈ రోజు. హంగరీని 1458 నుంచి 1490 దాకా ఏలాడు. 1476లో నేపుల్స్ రాకుమారి బెయాత్రిచెను పెళ్లాడాడు. ఆమెతో పాటు వంటవాళ్లు, గాయకులు, పండితులు, శిల్పులు వచ్చారు. కొందరు ముందే వచ్చి ఉన్నారు కూడా. ఫ్లారెన్స్ నుంచి కిమెంతి కమీచా అనే మేస్త్రి వచ్చి కోట పనులు చూశాడు. ఆంతోన్యో బొన్ఫీని అనే ఇటాలియన్ పండితుడు హంగరీ చరిత్ర రాశాడు. ఫ్లారెన్స్‌ను నడిపిన లొరెంజో దె మెదీచి, వెరోక్యో అనే శిల్పితో రెండు లోహ ఫలకాలు చేయించి పంపాడని, కళాకారుల జీవితాలు రాసిన వసారి చెప్పాడు. 1485లో మిలాన్ పాలకుడు లూదొవీకో, తన దగ్గరున్న గొప్ప చిత్రకారుడితో మాత్యాష్ కోసం ఒక మడోన్నా వేయిస్తున్నానని ఉత్తరం పంపాడు. ఆ చిత్రకారుడు లియొనార్దో అని చాలామంది నమ్మకం.

వీటిలో ఇప్పుడు బుడాపెస్ట్‌లోని ఈ బూడా కోటలో ఉన్నది ఎంత? చరిత్ర మ్యూజియం నేలమాళిగల్లో ఎర్ర రాతి తునకలు, విరిగిన తలుపు చట్రాలు, మెరుగు పలకల ముక్కలు. అంతే. 1526లో తుర్కులు దోచుకున్నారు. 1541లో ఆక్రమించారు. 1686లో వాళ్లను వెళ్లగొట్టే యుద్ధంలో మిగిలినది కూలింది.

అన్నిటికంటే పెద్ద నష్టం మాత్యాష్ గ్రంథాలయం. యూరప్‌లో వాటికన్ తర్వాత ఇదే అని చెప్పుకునేవారు. చేత్తో రాసి, బంగారు రంగులతో అలంకరించిన పుస్తకాలు. చాలావాటికి అత్తవంతె లాంటి ఫ్లారెన్స్ కళాకారులు బొమ్మలు వేశారు. లైబ్రేరియన్‌గా పనిచేసిన తద్దెయో ఉగొలెతో పార్మా మనిషి. ప్రపంచం మొత్తం మీద రెండు వందలకు కొంచెం పైగా మాత్రమే మిగిలాయి. ఇస్తాంబుల్ చేరిన వాటిలో కొన్నిటిని సుల్తానులు 1869, 1877లలో తిరిగి ఇచ్చారు. బూడాలో చూడాల్సిన మాత్యాష్ ఇప్పుడు ఎక్కువగా బూడా బయటే ఉన్నాడు.

రాత్రి మా పిల్ల బస్టాండు దాకా వచ్చి, పులిహోర డబ్బా చేతికిచ్చి, "వెనిస్‌లో నీళ్ల బాటిల్ కూడా రేటు ఎక్కువ మామయ్యా, జాగ్రత్త" అని చెప్పి ఎక్కించింది. బస్సులో నిద్ర గురించి చెప్పుకోవడానికేం లేదు.

గురువారం, వెనిస్

వెనిస్‌లో జనం గురించి రాయడం అనవసరం. తూర్పు చివర జార్దీని తోటలు మాత్రం కాస్త ఊపిరి పీల్చుకోనిస్తాయి. బియెనాలె కళా ప్రదర్శన కోసం దేశదేశాలు ఇక్కడ సొంత భవనాలు కట్టుకున్నాయి. హంగరీది 1909లో కట్టింది. బెల్జియం తర్వాత ఇక్కడికి అంత తొందరగా వచ్చిన కొద్ది దేశాల్లో హంగరీ ఒకటి. గేజా మరోతి డిజైన్. పల్లెటూరి కొయ్య చర్చి పోలికలు, మొజాయిక్ పలకలు. ఆ పలకల్లో హూణ రాజు అత్తిలా కథ ఉంది. హంగరీవాళ్లు అత్తిలాను తమ పూర్వీకుడిగా చెప్పుకుంటారు. 452లో అత్తిలా అక్విలేయా పట్టణాన్ని నాశనం చేస్తే, అక్కడి నుంచి పారిపోయి ఈ ఉప్పునీటి దిబ్బల మీదకు చేరినవాళ్లే వెనిస్ కట్టారని వెనిస్ వాళ్లు చెప్పుకునే కథ. వెళ్లి వెళ్లి ఆ ఊళ్లోనే ఆయన బొమ్మ పెట్టడానికి కొంచెం గుండె ధైర్యం కావాలి. హాస్యంగానే పెట్టారో, గర్వంగానో నాకు అర్థం కాలేదు.

శుక్రవారం, ఫ్లారెన్స్

వెనిస్ నుంచి వచ్చే రైలు దారి పాదువా, ఫెరారా మీదుగా. ఫెరారాలో గ్వరీనో అనే గొప్ప గురువు బడికి 1447లో పదమూడేళ్ల హంగరీ కుర్రాడు వచ్చాడు. యానుష్ పన్నోనియుష్. లాటిన్‌లో కొంటె పద్యాలు రాసి ఇటాలియన్ కుర్రాళ్లను ఏడిపించాడు. చిత్రకారుడు మాంతెన్యా యానుష్ బొమ్మ వేస్తే దానికి కృతజ్ఞతగా యానుష్ పద్యం చెప్పాడు. బొమ్మ పోయింది, పద్యం మిగిలింది. తర్వాత పేచ్‌లో బిషప్ అయి, మాత్యాష్ మీదే కుట్రలో చేరి, పారిపోతూ 1472లో చనిపోయాడు.

ఫ్లారెన్స్‌లో నేను మొదట వెళ్లింది పేరున్న ఉఫీజీ మ్యూజియానికి కాదు, నది దాటి బ్రాంకాచ్చి చాపెల్‌కు. ముందే టైం బుక్ చేసుకోవాలి, లోపల గడిపేది కొద్ది నిమిషాలే. అందరూ మసాచ్చో వేసిన ఆదాము, అవ్వల కోసం వస్తారు. స్వర్గం నుంచి గెంటేస్తుంటే ఏడుస్తూ నడుస్తున్న ఇద్దరు. దానికి ఎదురుగా అదే జంట, పండు తినకముందు, నెమ్మదిగా, అందంగా నిలబడి ఉంటారు. అది మసోలీనోది. పనిని ఇద్దరూ కలిసి చేస్తుండగా, 1425లో మసోలీనో బ్రష్షులు సర్దుకుని హంగరీ వెళ్లిపోయాడు.

ఎందుకంటే అక్కడ జీతం బాగుంది. పిలిచినవాడు పిప్పో స్పానో. అసలు పేరు ఫిలిప్పో స్కొలారి, ఫ్లారెన్స్ దగ్గరి పల్లెలో పుట్టి, కుర్రవాడిగా వ్యాపారి వెంట హంగరీ వెళ్లి, లెక్కల్లో నేర్పు చూపించి, రాజు సిగిస్మండ్‌కు సేనాపతి అయ్యాడు. ఒజొరాలో కోట కట్టించాడు. 1426 చివర్లో పిప్పో చనిపోయాడు. మసోలీనో 1427లో వెనక్కి వచ్చాడు. అక్కడ వేసినవి ఏవీ మిగల్లేదు. ఆ మధ్యకాలంలో చిన్నవాడైన మసాచ్చో ఒంటరిగా ఈ గోడల మీద పని చేశాడు. పెద్దాయన పక్కన లేకపోబట్టే అంత ధైర్యంగా వేశాడేమో అని నాకనిపించింది. ఒక హంగరీ ఉద్యోగం యూరప్ చిత్రకళకు చేసిన మేలు అది కావచ్చు.

పిప్పో కోటలో ఇంకో ఫ్లారెన్స్ మనిషి కథ చెప్పకుండా ఉండలేను. మనెత్తో అనే బొద్దు వడ్రంగి. 1409 ప్రాంతంలో ఒకరోజు స్నేహితుల విందుకు రాలేదు. కోపం వచ్చి బ్రూనెల్లెస్కి, అంటే తర్వాత ఫ్లారెన్స్ కెథీడ్రల్ గోపురం కట్టిన ఆయనే, ఒక నాటకం ఆడించాడు. మనెత్తో ఇంటికొచ్చేసరికి తలుపు లోపలి నుంచి గడియ. లోపల నుంచి మనెత్తో గొంతే వినిపిస్తోంది, "పో మత్తేయో, పొద్దుపోయింది" అంటోంది. దారిలో దొనతెల్లో ఎదురై "ఏం మత్తేయో" అని పలకరించాడు. అప్పు ఎగ్గొట్టావని మత్తేయో పేరుతో భటులు జైల్లో పెట్టారు. ఎవరో ఇద్దరు వచ్చి "తమ్ముడూ" అని ఇంటికి తీసుకెళ్లారు. ఊరంతా కలిసి అతన్ని తను తను కాదని నమ్మించేసింది. సంగతి తెలిశాక సిగ్గుతో ఊరు విడిచి హంగరీ వెళ్లిపోయాడు. అక్కడ పిప్పో దగ్గర పని దొరికి బోలెడు సంపాదించాడు. తర్వాత ఊరొచ్చినప్పుడల్లా బ్రూనెల్లెస్కితో కలిసి ఆ కథ చెప్పుకుని నవ్వుకునేవాడట. నాకైతే ఆ జైలు రాత్రి తల్చుకుంటే నవ్వు రాలేదు.

మధ్యాహ్నం కాకముందే లొరెన్సియానా గ్రంథాలయానికి వెళ్లాను. మికెలాంజెలో మెట్లు చూడ్డానికి అందరూ వచ్చే చోటు. మాత్యాష్ 1490లో చనిపోయినప్పుడు ఫ్లారెన్స్ దుకాణాల్లో ఆయన ఆర్డర్ ఇచ్చిన పుస్తకాలు సగం సగం అయి ఉన్నాయి. డబ్బు ఇచ్చేవాడు లేడు. మెదీచీలు వాటిలో కొన్నిటిని తీసుకున్నారు. జెరార్దో, మోంతె సోదరులు బొమ్మలు వేసిన మాత్యాష్ బైబిల్ ఈ గ్రంథాలయంలోనే ఉంది, అసంపూర్తిగా. చెల్లింపు ఆగిన ఆర్డర్ కాబట్టే ఫ్లారెన్స్ దాటలేదు, కాబట్టే తుర్కుల దోపిడీ తప్పించుకుంది.

అన్నట్టు, మన చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ పుట్టింది బుడాపెస్ట్‌లో, 1913లో. తల్లి హంగరీ మనిషి. 1924లో తల్లి ఆమెను ఫ్లారెన్స్ తీసుకొచ్చి బడిలో వేసింది. ఆ ఏడాదే ఇండియాకు తిరిగి వెళ్లిపోయారు. పదకొండేళ్ల పిల్లకు ఆ బడి నచ్చలేదు, బొమ్మలు నచ్చాయి.

శనివారం, అస్సీసీ

సెయింట్ ఫ్రాన్సిస్ బసిలికా కింది అంతస్తులో చీకటి. కళ్లు అలవాటు పడ్డాక సిమోనె మార్తీని వేసిన సెయింట్ మార్టిన్ చాపెల్ తేరుకుంటుంది. తన అంగీని కత్తితో కోసి బిచ్చగాడికి సగం ఇచ్చిన మార్టిన్ పుట్టింది నేటి హంగరీలోని సోంబత్‌హెయ్‌లో, పెరిగింది ఇటలీలో పావియాలో. ఈ చాపెల్‌కు డబ్బిచ్చిన కార్డినల్ జెంతీలె కూడా బొమ్మలో ఉన్నాడు, మార్టిన్ ముందు మోకరిల్లి. ఈ జెంతీలెనే పోప్ 1307లో హంగరీ పంపాడు. నేపుల్స్ వంశానికి చెందిన కరోయ్ రోబెర్త్‌ను అక్కడ గద్దె ఎక్కించి రమ్మని. ఎక్కించాడు. ఇంకో గోడ మీద మార్తీని హంగరీ పుణ్య రాజులు ఇష్త్వాన్, లాస్లోలను మేరీమాతకు చెరో పక్కన వేశాడు. రాజకీయం పూజగదిలోకి ఇంత అందంగా రావడం నేనెక్కడా చూడలేదు.

ఆదివారం, రోమ్

తెర్మినీ స్టేషన్ బయటికొచ్చి వెనక్కి తిరిగి చూడండి. ముందు వైపు పైన పొడుగునా ఉన్న లోహపు ఫలకం అమెరీగో తోత్‌ది. హంగరీలో పుట్టి రోమ్‌లో స్థిరపడ్డ శిల్పి. రెండో గాడ్‌ఫాదర్ సినిమాలో మైకేల్ వెనక మాట్లాడకుండా నిలబడే బాడీగార్డు గుర్తున్నాడా? ఆయనే.

చేలియో గుట్ట మీద సాంతో స్తెఫానో రొతొందో, ఐదో శతాబ్దపు గుండ్రటి చర్చి. 1454లో పోప్ దీన్ని హంగరీ సన్యాసులకు ఇచ్చాడు. గోడల చుట్టూ పొమరాంచో వేసిన హతసాక్షుల, అంటే మతం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల, బొమ్మలు. నూనెలో వేయించడం, రాళ్ల కింద నలిపేయడం, ఒకదాని తర్వాత ఒకటి. రెండు మూడు చూసి తల దించుకున్నాను. నేల మీద యానోష్ లాసాయి అనే ట్రాన్సిల్వేనియా పూజారి సమాధి ఉంది, 1523 నాటిది. చల్లటి డాన్యూబ్ దగ్గర పుట్టినవాడు రోమ్‌లో పడుకున్నాడని ఆశ్చర్యపోకు బాటసారీ, రోమ్ అందరి ఊరు కదా అని దాని మీద లాటిన్ పద్యం.

సోమవారం, మంగళవారం, రోమ్, తీవొలి

వియా జూలియాలో పలాజ్జో ఫల్కోనియేరి. బొరొమీని మార్పులు చేసిన భవనం, మూలల్లో డేగ తలల స్త్రీ విగ్రహాలు. 1927లో హంగరీ కొనుక్కుని తమ అకాడమీ పెట్టింది. ఆ తర్వాతి ఏడాది నుంచి స్కాలర్‌షిప్‌పై వచ్చిన అబా-నోవాక్, సోన్యి లాంటి చిత్రకారులను 'రోమ్ బడి' అంటారు. చేతిలో నైపుణ్యం ఉంది, కానీ ఆ కాలపు ఇటలీ ప్రభుత్వ అభిరుచి నీడ కొన్ని బొమ్మల మీద బాగా కనిపిస్తుంది. 1940ల చివర్న ఇక్కడ గడిపిన హంగరీ కవులు వేరే పనిచేశారు. యుద్ధం నుంచి లేచివచ్చి కొన్నాళ్లు ఎండలో కూర్చున్నారు.

తీవొలిలో విల్లా దెస్తె. పంపులు లేకుండా, నది నీటి వాలుతోనే ఎగిరే వందల ఫౌంటెన్లు. లిస్ట్ తన చివరి ఇరవై ఏళ్లలో తరచూ ఇక్కడ ఉండేవాడు. 1865లో మతదీక్ష తీసుకున్నాడు. 1877లో ఈ నీళ్ల ఆటల మీద, ఈ సైప్రస్ చెట్ల మీద పియానో రచనలు చేశాడు. ఫోన్లో నీళ్ల రచన పెట్టుకుని ఇయర్‌ఫోన్‌తో తిరిగాను. మొదటి నిమిషం తర్వాత తీసేశాను. బయటి చప్పుడే ఎక్కువ బాగుంది. చెట్ల రచన మాత్రం నీడలో కూర్చుని పూర్తిగా విన్నాను. దిగులు నిండిన సంగీతం, అది చెవుల్లోనే వినాలి.

బుధవారం, నేపుల్స్

దొన్నరెజీనా పాత చర్చిలో తీనో ది కమైనో చెక్కిన సమాధి ఉంది. హంగరీ మరియా. ఇష్త్వాన్ అయిదో రాజు కూతురు, 1270లో చిన్నపిల్లగా పెళ్లై నేపుల్స్ వచ్చింది. 1293 భూకంపంలో పాడైన ఈ మఠాన్ని తిరిగి కట్టించింది. 1323లో చనిపోయింది. సమాధి కింది వరసలో ఆమె కొడుకులు, ఒక్కొక్కరు ఒక్కో సింహాసనం మీద. పై గదిలో కవల్లీని బృందం వేసిన బొమ్మల్లో హంగరీ ఎర్జెబెత్ జీవితం, అంటే ఆమె పుట్టింటి సాధ్వి.

అస్సీసీలో జెంతీలె గద్దె ఎక్కించిన కరోయ్ రోబెర్త్ ఈ మరియా మనవడే. హంగరీ సింహాసనం మీద నేపుల్స్ వంశానికి హక్కు వచ్చింది ఈమె రక్తం నుంచే. ఆ కరోయ్ కొడుకు అంద్రాష్‌ను మళ్లీ నేపుల్స్ పంపించి రాణి జొవాన్నాకు పెళ్లి చేశారు. 1345లో అవెర్సాలో అతన్ని చంపేశారు. అన్న లాయోష్ సైన్యంతో ఇటలీ మీదకు వచ్చాడు. ఇటాలియన్ చేతులు మలిచిన హంగరీ కొలువుల వెనక పెళ్లిళ్లు ఎన్నో, హత్యలూ అన్నే.

అక్కడి నుంచి సాన్ పియెత్రో మార్తిరెకు నడిచాను. మాత్యాష్ పోయాక బెయాత్రిచె తర్వాతి రాజు ఉలాస్లోను పెళ్లాడింది. ఆయన పనైపోయాక ఆ పెళ్లి చెల్లదని రోమ్‌లో తీర్పు తెచ్చుకున్నాడు, 1500లో. ఆమె నేపుల్స్‌కు వెనక్కి వచ్చింది. 1508లో పోయింది. ఆమెను పాతిపెట్టింది ఈ చర్చిలో. బూడాలో ఇంత తెచ్చిన మనిషిని హంగరీ చరిత్రకారులు చాలాకాలం దుబారా మనిషి అని తిట్టారు. పుల్స్‌కీని తిట్టినట్టే. మాత్యాష్ పేరు మీద ఉన్న ప్రతి అందమైన వస్తువు దగ్గరా ఆమె పేరూ రాస్తే బాగుంటుందని నా అభిప్రాయం.